జానెడు కత్తి

రేవు దాటే పడవలో,
అక్టోబర్ 9

మరదలు పిల్లకి,

ఆశీస్సులూ చీవాట్లూ కలిపే పంపుతున్నాను, నీకు కావలసినవి ఏరుకో. నువ్వు ఉత్తరం రాసి మూడు నెలలైంది. కత్తులు అమ్మి అమ్మి మొగుడూ పెళ్ళాలిద్దరూ కలం పట్టడం మరిచిపోయినట్టున్నారు. నా అక్షరాలు చూసి మాత్రం నవ్వకు. పడవ ఊగుతోంది, అక్షరాలూ దాంతోపాటే ఊగుతున్నాయి.

ఈ రోజుల్లో పొద్దున్నే నది మీద పొగమంచు ఎంత దట్టంగా ఉంటుందంటే, అవతల గట్టు ఉందన్న సంగతి నమ్మకం మీద ఒప్పుకోవాలి. పడవవాడు ఇంజను ఆపి, గంట కొట్టి, చెవి రిక్కించి, గట్టు ఎక్కడుందో వింటూ నడుపుతాడు. నేను మధ్య బల్ల మీద సగం నిద్రలో ఉంటాను. నిన్న ఆ సగం నిద్రలోనే కల వచ్చింది. మా హోటలు వంటగదిలో గోడకి వేలాడే నా ఏడు కత్తులూ ఒక్కొక్కటే మేకు మీంచి దిగి, తలుపు తీసుకుని బయటికి నడిచి వెళ్ళిపోయాయి. ఒక్కటీ వెనక్కి తిరిగి చూడలేదు. ఖాళీ గోడ మీద ఎనిమిదోది ఒకటి మిగిలింది. సన్నగా, పొడుగ్గా, తడిసిన ఆకులా ఉంది. ముట్టుకోబోయేసరికి పడవ గట్టుకి తగిలింది.

అప్పటినించీ అదే ధ్యాస. కూరగాయలకొకటి, చేపకొకటి, కోడికొకటి, రొట్టెకొకటి, ఇన్ని కత్తులు నాకెందుకు? పదహారు బల్లల హోటల్లో ఇరవై రెండేళ్ళుగా వండుతున్నాను, ఇక ఒక్కటి చాలు. అన్నీ కోసేది, ఆ ఒక్కదాన్నీ అలవాటు చేసుకుంటే సరిపోయేది. మీ కొట్లో జపాను కత్తులున్నాయి కదా, వాటిలో ఒకటి నువ్వే ఎంచి పంపు. ఏదో ఒకటి కాదు, నాకు తగినది.

ఒక్క మాట. మా తమ్ముడికి చెప్పకు. చెప్తే మొదటి బండి ఎక్కి వచ్చేసి నా ఎదురుగా కూర్చుంటాడు. ఏమీ అడగడు, ఊరికే కూర్చుంటాడు. వాడు అలా కూర్చోవడం నేను భరించలేను. ఇక్కడ ఏమీ కాలేదు. కల వచ్చింది, అంతే.

మీ వదిన


కత్తుల కొట్టు, మేడమీద గది,
అక్టోబర్ 20

వదిన గారికి,

చీవాట్లు నేనుంచుకుని ఆశీస్సులు మీ తమ్ముడికి ఇచ్చేశాను. ఎక్కడివని కూడా అడగలేదు. మీకు తెలియనిదేముంది, సాన ముందు కూర్చున్నాక ఇల్లు అంటుకున్నా కత్తి రెండో వైపు అయితేగానీ లేవడు. ఈ ఇంట్లో రహస్యం దాచడం కష్టమేమీ కాదు, అడిగేవాళ్ళుంటే కదా!

మీ కల చదివాక నాకూ పట్టుకుంది. మధ్యాహ్నం కొట్టు మూసి ఉండే గంటలో, నీళ్ళతొట్టిలో సానరాళ్ళు నానుతూ సన్నగా బుడగలు వదులుతుంటాయి. ఆ చప్పుడు వింటూ అద్దాల పెట్టె ముందు కూర్చుని, ఒక్కో కత్తినీ మనసులో మీ చేతికిచ్చి చూశాను. ముందు నకిరి. రేకు ముక్కలా నలుచదరంగా, మొన లేకుండా ఉంటుంది. క్యాబేజీ అయితే దాని కింద వెన్నలా విడిపోతుంది గానీ, చేప ఎదురైతే మొహం తిప్పుకుంటుంది. తరవాత సాన్తోకు. పొట్టిగా, వెడల్పుగా, బుద్ధిమంతురాలిలా ఉంటుంది. కూరా చేపా మాంసం మూడూ కోస్తుంది, ఇళ్ళవాళ్ళు ఎక్కువగా అదే పట్టుకెళ్తారు. కానీ మీరు పెద్ద గుమ్మడికాయ ముందు పెడితే దానికి పొడుగు చాలదు. ఆఖరిది గ్యూతో. సన్నటి మొన, మధ్యలో కొంచెం వంపు, కొత్తిమీర నించి కోడి దాకా దేనికీ కాదనదు. మీ కలలోకి వచ్చింది అదే అయ్యుంటుందని నా మనసు చెబుతోంది.

అయితే గ్యూతోల్లోనే నాలుగైదు పొడుగులు, రెండు రకాల ఉక్కులు. అందుకని అడుగుతున్నాను. మీరు కత్తిని ముందుకి తోస్తూ కోస్తారా, మొన కోత పలక మీదే ఉంచి ఊపుతూ కోస్తారా? కోశాక వెంటనే తుడుస్తారా, తొట్టిలో పడేసి మరిచిపోతారా? నిజం చెప్పండి. మామూలు ఉక్కుకి పదును అందంగా ఎక్కుతుంది గానీ, తడిగా వదిలేస్తే సాయంత్రానికల్లా తుప్పు పట్టి అలుగుతుంది.

ఇంకొకటి. మా కొట్లో ఒక పద్ధతి ఉంది, మీ తమ్ముడు పెట్టిందే. కత్తి కావాలన్నవాళ్ళు కోసే చేతిని కాగితం మీద బోర్లా పెట్టి, వేళ్ళు చాచి, చుట్టూ పెన్సిలుతో గీసి ఇవ్వాలి. బొటనవేలి కొస నించి చిటికెనవేలి కొసకి ఎంతుంటే కత్తి అంత పొడుగు. ఎవరి జానెడు వాళ్ళది. ఈ కత్తుల అంచు రెండు వైపులా సమంగా ఉండదు, కుడిచెయ్యా ఎడమచెయ్యా అన్నది చూసుకుని ఆ వైపు ఎక్కువ సాన పడతాం. కత్తి వెళ్ళిపోయాక కాగితాన్ని గోడకి అంటిస్తాం. పంకా వేస్తే గోడ నిండా చేతులు మెల్లగా లేచి పడుతుంటాయి. ఒక్కోసారి వాటిని చూస్తూ కూర్చుంటే నిద్ర ఎప్పుడు పట్టిందో తెలియదు.

మీ చెయ్యి కూడా పంపండి.

మీ మరదలు


వంటగది వెనక మెట్లు,
నవంబర్ 2

మరదలా,

నీ ప్రశ్నలు చూస్తే పరీక్ష రాస్తున్నట్టు చెమటలు పట్టాయి. ఇవిగో జవాబులు, మార్కులు నువ్వే వేసుకో. తోస్తూ కోస్తాను. తుడవడం మరిచిపోతాను, ఒకటి రెండుసార్లు తొట్టిలోనే పడేసి ఇంటికెళ్ళిపోయాను కూడా. కాబట్టి అలిగే ఉక్కు నాకొద్దు, అలగడానికి ఇక్కడ నేనొక్కదాన్నే చాలు. పొద్దున క్యాబేజీ, క్యారెట్, గుమ్మడి. పదకొండింటికి చేప. తరవాత ఏది ముందుకొస్తే అది.

రెండింటికి భోజనాలు అయిపోతాయి. నాలుగింటి దాకా ఎవరూ రారు. పెద్ద గిన్నెలు బోర్లించి ఉంటాయి, పొయ్యి మీద నీళ్ళు ఇంకా చిన్నగా కూస్తుంటాయి. కిటికీలోంచి ఎండ ఒక చాపంత నేల మీద పడుతుంది. అది మెల్లగా జరుగుతూ గోడ దాకా వెళ్ళి, గోడ ఎక్కి, పోతుంది. ఆ రెండు గంటలూ వంటగది నాదొక్కదానిదే. ఒంటరిగా ఏం చేస్తుంటావని అడక్కు.

నా పక్క పొయ్యి దగ్గర సూపాయన ఉంటాడని చెప్పాను కదా, పదిహేనేళ్ళుగా సూపు తప్ప ఇంకోటి ముట్టుకోని మనిషి. మొన్న గరిటెతో తీసి చూసి, "ఏమమ్మా, ఈమధ్య నీ క్యారెట్లు లావెక్కాయి" అన్నాడు. "వయసొచ్చింది, లావెక్కవా?" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. నాకే నవ్వు రాలేదు.

మా యజమానురాలు తాళాలావిడ నీకు తెలుసు, నడుముకి అంత గుత్తి వేలాడుతుంటుంది, ఆవిడ వచ్చే ముందు ఆ చప్పుడు వస్తుంది. మనసు మంచిదే. నా ముందు ఇక్కడ వండినాయనకి మోకాళ్ళు పట్టేస్తే పంపెయ్యలేదు. ముందుగదిలో కుర్చీ వేసి, వచ్చేవాళ్ళకి తలుపు తీసే పనిచ్చింది. ఆ పెద్దాయన ఇప్పటికీ రోజంతా వంటగది తలుపు వంకే చూస్తూ కూర్చుంటాడు. లోపలికి రమ్మంటే రాడు. నేను ఆ దారిన వెళ్ళడం మానేశాను.

నువ్వడిగిన కాగితం ఇందులో పెట్టాను. గీత వంకరటింకరగా వచ్చింది, నవ్వకు. కానీ బాగా చూడు. కంగారు పడకుండా, తీరిగ్గా చూడు.

వదిన


కత్తుల కొట్టు,
నవంబర్ 19

వదిన గారికి,

కత్తి పంపాను! ఈ ఉత్తరం అందేసరికి అదీ అందుతుంది. మీ జానెడు సరిగ్గా ఏడున్నర అంగుళాలు, మూడుసార్లు స్కేలు పెట్టి కొలిచాను. ఆ పొడుగు గ్యూతో మా దగ్గర ఒకటే ఉంది, ఎన్నాళ్ళుగానో అడుగు అరలో గుడ్డ చుట్టుకుని పడుకుని ఉంది. బయటికి తీస్తే నిద్ర లేచిన పసిదానిలా మసగ్గా ఉంది. తుప్పు పట్టని ఉక్కే, మీరు తొట్టిలో మరిచిపోయినా క్షమిస్తుంది. పిడి ఎనిమిది పలకలది, తడిచేతిలో జారదు.

మీకో సంగతి చెప్పాలి. మీ తమ్ముడు సరుకు తేవడానికి వెళ్ళిన రెండు రోజుల్లో దీనికి నేనే సాన పట్టాను. ఇన్నేళ్ళలో మొదటి నించి చివరి దాకా ఒక్కదాన్నే పట్టిన మొదటి కత్తి ఇది. బయట వాన, లోపల రాయి మీద ఉక్కు చప్పుడు, రెండూ కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు. మీ చెయ్యి నా కళ్ళ ముందే ఉంది. నా పెళ్ళైన కొత్తలో మీరు ఈ ఇంటికి వచ్చి, నాకు వంట రాదని ఎవరికీ తెలియకుండా, నా పక్కన నిలబడి వారం రోజులు అన్నీ మీరే కోసి పెట్టారు. ఆ చేతిని నేను మరిచిపోతానా? దానికి తగ్గట్టే పదును పెట్టాను.

కాగితం ముక్క అంచున అడ్డంగా దూసి చూశాను, చప్పుడు లేకుండా రెండైంది. ఎలా ఉందో వెంటనే రాయండి, కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తుంటాను.

మీ మరదలు


పడవలో,
డిసెంబర్ 3

మరదలా,

కత్తి అందింది. చాలా బాగుంది. వంటగదిలో అందరూ చేత్తో పట్టుకుని చూశారు. సూపాయన అందులో తన మొహం చూసుకుని మీసం దువ్వుకున్నాడు.

నువ్వు చాలా శ్రద్ధగా చేశావు. నా చేతికి తగ్గట్టే పెట్టానని రాశావు కదా, ఆ మాట పదిసార్లు చదివాను. కత్తిలో ఏ లోపమూ లేదు. లోపమంటూ ఉంటే అది కత్తిది కాదు.

ఇక్కడ చలి ఎక్కువైంది. మంచులో పడవ నది మధ్య ఆగిపోతే, ముందుకీ వెనక్కీ ఏమీ కనపడక, అలా ఉండిపోయినా బాగానే ఉంటుందనిపిస్తుంది. మళ్ళీ రాస్తాను.

వదిన


కత్తుల కొట్టు, సాన గది,
డిసెంబర్ 20

వదినా,

ఈసారి మిమ్మల్ని "మీరు" అని పిలవలేను. ఎన్నిసార్లు తెగింది నీకు? నిజం చెప్పు.

జరిగింది చెప్తాను. నీ ఉత్తరం చదివినప్పటినించీ మనసు మనసులో లేదు. పొగిడావు గానీ కోశానని ఎక్కడా రాయలేదు. అందులో ఏదో తప్పుగా ఉందని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. నిన్న మధ్యాహ్నం భోజనమయ్యాక మీ తమ్ముడు గోడ ముందు నిలబడి పళ్ళు కుట్టుకుంటున్నాడు. "ఈ ఎడమచేతి మనిషి కత్తి నాకు చూపించలేదేం?" అన్నాడు.

"ఎడమచేతివాళ్ళెవరూ రాలేదే" అన్నాను. ఎడమచేతివాళ్ళ కాగితాలు తలుపు పక్కన వేరే అంటిస్తాం, నాలుగైదే ఉన్నాయి.

ఆయన వేలు పెట్టి చూపించాడు. గోడ మీద చేతులన్నిటికీ బొటనవేళ్ళు ఎడమ పక్కకి ఉన్నాయి. ఒక్కదానికి మాత్రం కుడి పక్కకి ఉంది. అది నీది.

కాగితం తిరగేసి అంటించానేమోనని పీకి చూశాను. వెనక వైపు ఏమీ లేదు, పెన్సిలు గీత ముందువైపే ఉంది. అదెంత వణికిందో అప్పుడు చూశాను. పిడికిట్లో పెన్సిలు బిగించి గీసినట్టుంది. పరిగెత్తుకెళ్ళి నీ ఉత్తరాలు తీశాను. మెట్ల మీద కూర్చుని రాసినదాంట్లోనూ అక్షరాలు అలాగే ఉన్నాయి. మెట్లు ఊగవు కదా వదినా!

బాగా చూడమన్నావు. మూడుసార్లు కొలిచాను గానీ ఒక్కసారీ చూడలేదు. ఇరవై ఏళ్ళ నాటి చెయ్యి కళ్ళ ముందు పెట్టుకుని, ఎదురుగా ఉన్న చేతిని కొలత కోసం వాడుకున్నాను. నీ కత్తికి కుడిచేతి పదును పెట్టాను. ఎడమచేత్తో దాన్ని పట్టుకుంటే ప్రతి కోతకీ అది పక్కకి లాగుతుంది, ముక్క పైన సన్నగా అడుగున లావుగా వస్తుంది, వేళ్ళ మీదికి జారుతుంది. తప్పు నాది. కత్తిది కాదు, నీ చేతిది అంతకన్నా కాదు. ఈ వాక్యం పదిసార్లు చదువు.

నేను మాట తప్పలేదు. మీ తమ్ముడికి నేను చెప్పలేదు. లోపలికి వంగిన ఆ చిటికెనవేలు చూసి, "ఇది మా అక్కది" అని ఆయనే అన్నాడు. గ్లాసుడు నీళ్ళు తాగి వెళ్ళి సాన ముందు కూర్చున్నాడు, చేతిలో కత్తి లేకుండా. చీకటి పడేదాకా అలాగే ఉన్నాడు.

కత్తి వెనక్కి పంపించు. దాంతోపాటు అసలు సంగతి కూడా.

నీ మరదలు


ఇంట్లో, కిటికీ దగ్గర,
డిసెంబర్ 28

నా తల్లీ,

నీ ఉత్తరం పడవలో చదివాను. గట్టు రావడం, అందరూ దిగిపోవడం నాకు తెలియలేదు. పడవవాడు నన్ను అవతలికీ ఇవతలికీ రెండుసార్లు తిప్పాడు.

చెప్తాను. వేసవిలో మొదలైంది. కుడిచేతి బొటనవేలు, పక్క రెండు వేళ్ళు తిమ్మిరెక్కాయి. నిద్రలో చెయ్యి నలిగిందేమో అనుకున్నాను. నెల తిరిగేసరికి ఆ వేళ్ళు ఉన్నాయో లేవో చూస్తేగానీ తెలియడం లేదు. డాక్టరు నరం అన్నాడు. రావచ్చు, రాకపోవచ్చు, ఎదురుచూడు అన్నాడు. ఆపరేషను కూడా ఖాయం చెప్పలేనన్నాడు. ఆయన ఎదురుచూడమన్నంత తేలిగ్గా పదహారు బల్లలు ఎదురుచూడవు.

అందుకని ఆ రెండు గంటల వేళ, ఎవరూ లేనప్పుడు, ఎడమచేత్తో మొదలుపెట్టాను. పసిపిల్ల పలక మీద దిద్దినట్టే. అందరి ముందూ మాత్రం మొద్దుబారిన కుడిచేత్తోనే ఎలాగో నెట్టుకొచ్చాను, క్యారెట్లు లావెక్కింది అందుకే. మొదట ఉడికిన దుంపలు, తరవాత దోసకాయలు. ఎండ నేల మీంచి గోడ ఎక్కేదాకా ఒక్క దోసకాయ. ఉత్తరాలూ ఆ చేత్తోనే, పడవ పేరు చెప్పి. ఏడు కత్తుల్నీ కొత్తగా నేర్చుకునే ఓపిక ఆ చేతికి లేదు. ఒక్కటైతే నేర్చుకోగలననిపించింది. అందుకే నిన్నడిగాను.

నోటితో చెప్పలేకపోయాను మరదలా. చెప్తే నిజమైపోతుందని భయం. నువ్వు కాగితం పంపమంటే, సరే, కాగితమే చెప్తుందిలే, అది చూసి నువ్వు తెలుసుకుని, తెలియనట్టే ఉండి నాకు సరైన కత్తి పంపుతావు అనుకున్నాను. ఎంత తెలివైనదాన్నో చూడు! "మీ చేతికి తగ్గట్టే పెట్టాను" అని నువ్వు రాస్తే, నీకు తెలిసిపోయిందనే అనుకున్నాను. ఆ సంతోషంతో మొదటి రోజు క్యారెట్ పెట్టాను. పక్కకి లాగింది. రెండోది లాగింది. పదిరోజులు అదే పని. నువ్వు ఎడమచేతికని పెట్టిన పదును తప్పయ్యే అవకాశమే లేదు, కాబట్టి తప్పు ఎడమచేతిదే అనుకున్నాను. ఇది కూడా పోతోంది కాబోలు అనుకున్నాను.

తెగింది రెండుసార్లు. అదీ కుడిచేతి వేళ్ళు, ముల్లంగిని అదిమిపట్టుకున్నవి. తెగినట్టు వేళ్ళకి తెలియలేదు. తెల్లటి ముల్లంగి ఎర్రగా అవుతుంటే, ఇదెక్కడి రంగు అని ఎవరో వేరే మనిషి చేతిని చూసినట్టు చూశాను. ఆ రోజు చాలాసేపు ఏడ్చాను.

ఇక అసలు సంగతి. పోయిన శనివారం, నీ ఉత్తరం అందడానికి రెండు రోజుల ముందు, పని మానేస్తానని తాళాలావిడకి కాగితం రాసిచ్చాను. ఒంట్లో బాగుండటం లేదని రాశాను, చేతి మాట ఎత్తలేదు. జనవరి ఆఖరు దాకా ఉండమంది. నా చోటికి ఇంకొకతన్ని మాట్లాడేసింది. ఆవిడ ఊరుకోదు, ముందుగదిలో ఇంకో కుర్చీ వేస్తానంటుంది. అంతకన్నా ఇంట్లో కూర్చుంటాను.

కత్తి పంపుతున్నాను. పంపమన్నావు కాబట్టి పంపుతున్నాను గానీ, అది తిరిగొచ్చేసరికి నాకు కోయడానికి చోటుంటుందో లేదో తెలియదు. నిన్ను తప్పు పట్టడం లేదు, నిజంగా. నాకు ఆ కోత పలక ముందు నిలబడటం తప్ప ఇంకేమీ రాదు, అదే బాధ.

నీ వదిన


కత్తుల కొట్టు,
జనవరి 11

వదినా,

చిన్న ఉత్తరమే. కత్తి అంచు చూసి చూసి కళ్ళు కనపడటం లేదు.

కత్తికి పదును మార్చాం. ఒక వైపు ఎక్కువైన ఉక్కుని తీసి రెండో వైపుకి అంచు తిప్పడానికి మూడు రోజులు పట్టింది. మీ తమ్ముడు తను చేస్తానన్నాడు. నేను ఇవ్వలేదు, చెడగొట్టినదాన్ని నేను, బాగుచేసేదాన్నీ నేనే అన్నాను. ఆయన పక్కన కూర్చుని రాయి మీద నీళ్ళు పోస్తూ ఉన్నాడు. చివర్లో నేను కత్తిని ఎడమచేత్తో పట్టుకుని కోసి చూశాను, నా చేత కాలేదు. ఆయన రోజంతా ఎడమచేత్తో కోస్తూ కూర్చున్నాడు. మూడు క్యాబేజీలు, బుట్టెడు క్యారెట్లు. సాయంత్రం తలెత్తి, "తిన్నగా దిగుతోంది" అన్నాడు. వారం నించీ మా ఇంట్లో క్యాబేజీయే తింటున్నాం.

తన తోలు ఏప్రన్ అంచు కోసి రెండు వేలితొడుగులు కుట్టాడు. తెలియని వేళ్ళకి అవి తొడుక్కో. బండెక్కి వస్తానన్నాడు. వద్దన్నాను. ఇప్పుడు నీకు ఎదురుగా కూర్చునే మనిషి అక్కర్లేదు, కత్తి కావాలి అన్నాను. సరేనన్నాడు.

ఇక నా మాట. కాగితాలతో చెప్పడం మనిద్దరికీ ఎంత బాగా వచ్చిందో చూశాం కదా. నీకు ఆ పలక కావాలని తాళాలావిడకి నోరు తెరిచి చెప్పావా ఎప్పుడైనా? ఆవిడ కాదనొచ్చు. కానీ ఇప్పటిదాకా ఆవిడ కాదన్నది లేదు, నువ్వు అడిగిందీ లేదు.

నీ మరదలు


వంటగది వెనక మెట్లు,
జనవరి 30

మరదలా,

చెప్తాను, మొదటి నించీ చెప్తాను, మధ్యలో ఆపకు.

కత్తి వచ్చిన రోజు మధ్యాహ్నం ఎప్పటిలా అందరూ వెళ్ళేదాకా ఆగాను. క్యారెట్ పెట్టి కత్తి దించాను. తిన్నగా దిగింది. నేనేమీ చెయ్యలేదు, దించానంతే. మళ్ళీ దించాను. ఎండ గోడ ఎక్కుతుంటే చూస్తూ, కోస్తూ, లెక్క మరిచిపోయాను. చుట్టూ ఏమీ చప్పుడు లేదు. నేను నీళ్ళ కింద ఉన్నట్టు, అక్కడ ఊపిరి ఆడుతున్నట్టు ఉంది. నా చెయ్యి పోలేదు మరదలా. అది బాగానే ఉంది. ఇన్నాళ్ళూ పాపం దాన్ని తిట్టాను.

అలా వారం చేశాను. మొన్న పొద్దున పదకొండింటికి తాళాల చప్పుడు వినపడింది. కొత్తగా వచ్చే అతనికి తాళాలావిడ వంటగది చూపిస్తోంది. కుర్రతనం పోని మొహం, చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డాడు. సూపాయన సూపులోకి చూస్తున్నాడు. ఎప్పుడూ ఆ సమయానికి నేను, చెయ్యి ఎవరికీ కనపడకుండా, ఏదో వంక పెట్టుకుని అటు తిరిగి ఉంటాను. ఆ రోజు తిరగలేదు. తోలు తొడుగులు వేసుకున్నాను, గుమ్మడికాయ పలక మీదికి ఎత్తాను, అందరి ముందూ ఎడమచేత్తో కత్తి తీసుకున్నాను.

ఎంతసేపు పట్టిందనుకున్నావు? పాత రోజుల్లో అయితే మూడు గుమ్మడికాయలు అయ్యేవి. ముక్కలన్నీ ఒక్క కొలతలో వచ్చాయి.

"ఎన్నాళ్ళ నించి?" అంది తాళాలావిడ.

"వేసవి నించి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే కుర్చీ వేస్తారని."

ఆవిడ ముందుగది వైపు చూసింది. తలుపు సందులోంచి ఆ పెద్దాయన మోకాళ్ళు కనపడుతున్నాయి. ఆవిడ మొహం ఎలాగో అయిపోయింది. "ఆయనకి నేను మంచే చేశాననుకున్నాను" అంది మెల్లగా.

అప్పుడు అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "నాకు కుర్చీ వద్దు. ఈ పలక కావాలి. మానేస్తానన్న కాగితం వెనక్కిచ్చెయ్యండి. నెమ్మదిగా కోస్తాను, కానీ కోస్తాను" అన్నాను.

ఆవిడ చాలాసేపు తాళాలు ఒక్కొక్కటే జరుపుతూ నిలబడింది. "అబద్ధం చెప్పను. మధ్యాహ్నం రద్దీని నువ్వు తట్టుకోలేవు. ఇతనికి మాటిచ్చాను, పొయ్యి ఇతనిదే" అంది. తరవాత, "పొద్దున పని నీది. ఆరింటికి రావాలి. మధ్యాహ్నానికి కావలసినవన్నీ కోసి పెట్టి వెళ్ళాలి. ఒక నెల చూస్తాను, వంట ఆలస్యమైతే మళ్ళీ మాట్లాడుకుందాం" అంది.

పొయ్యి పోయింది మరదలా. బాధ లేదని అనను. ఇరవై రెండేళ్ళు నా చేతి ఉప్పుతో వెళ్ళిన గిన్నెలు ఇక ఇంకొకళ్ళ చేతి ఉప్పుతో వెళ్తాయి. ఆ కొత్తతను వచ్చి, "నేను వచ్చేసరికి ఇంత సన్నగా కోసి ఉంటే చాలండీ, నాకు పండగే" అన్నాడు. మంచివాడిలా ఉన్నాడు, అందుకు కొంచెం కోపం కూడా వచ్చింది. సూపాయన మాత్రం గరిటె పక్కన పెట్టి, నా పలక కింద తడిగుడ్డ సరిగ్గా పరిచి వెళ్ళాడు.

తమ్ముడిని రమ్మను. కూర్చోనీ, నాకేం భయం లేదు ఇప్పుడు. క్యాబేజీ మాత్రం తేవద్దని చెప్పు.

ఇక ఉంటాను. ఆరింటికి అక్కడుండాలంటే అయిదింటి పడవ పట్టుకోవాలి. రేపు ఉల్లిపాయలట, రెండు బస్తాలు. హాయిగా ఏడుస్తూ కోసుకుంటాను, ఎందుకని ఎవరూ అడగరు.

నీ వదిన